ఏమన్న యాదికొచ్చిందా

స్కార్‌బరో, కెనడా,
నవంబరు 5, 2023

తాతకు,

వర్ష దండాలు పెట్టి రాస్తున్న సంగతులు. నేనిక్కడ ఒంట్లో బాగానే ఉన్నాను. అక్కడ నీ మోకాళ్ళు, అమ్మ తలనొప్పి, నాన్న డ్యూటీలు నెమ్మదిమీద ఉన్నాయనే అనుకుంటున్నాను. దసరా ముందు నువ్వు రాసిన ఉత్తరం పద్దెనిమిది రోజులకు చేరింది. ఈ కాలంలో ఉత్తరాలేమిటని మా క్లాసులో తనీష్ నవ్వుతాడు. మా తాతకు ఫోన్‌లో సరిగ్గా వినపడదు, రాస్తే రెండుసార్లు చదువుకుంటాడని చెప్పాను.

ఒక్క మాట ముందే చెప్తాను. ఈ ఉత్తరం నాన్నతో చదివించుకోకు. అద్దాలు పెట్టుకొని, మెల్లగా అయినా సరే, నువ్వే చదువు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. చలి మొదలైంది. పోయినేడు కొన్న కోటు ఇంకా గట్టిగానే ఉంది, కొత్తది అక్కర్లేదు. కోర్సు డిసెంబరుతో అయిపోతుంది, ఆ తర్వాత వర్క్ పర్మిట్‌కి అప్లై చేయాలి. ఎటోబికోలో గోడౌన్ పని మానేశాను. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు బస్సులోనే గడిచిపోయేది. ఇప్పుడు ఇంటి దగ్గరే మందుల షాపులో కౌంటర్ మీద ఉంటున్నాను. మా ఇంటామె ఎలెనా మాంసం అన్ని రకాలూ తింటుంది తాతా, దాచేదేమీ లేదు. కానీ నేను వచ్చిన రోజే నా గిన్నెలకు పై అలమర ఖాళీ చేసి ఇచ్చింది. పప్పుచారు చేస్తే గ్లాసులో పోసుకొని తాగుతుంది. డెబ్భై రెండేళ్ళ మనిషి, పదకొండో అంతస్తులో ఒక్కతే ఉండేది, ఇప్పుడు నేను తోడు.

ఇంకో రెండు అడిగావు. "మీ ఇంటామెకు ఈ వయసుల కోర్టు గొడవేంది, నువ్వు అండ్ల ఇరుక్కోకు" అని ఒకటి. "ఈ నడుమ ఫోన్ల సరిగ మాట్లాడుతలేవు, నా మీద కోపమా బిడ్డా" అని ఒకటి. రెండింటికీ జవాబు ఒక్కచోటే ఉంది. అందుకే ఇన్ని కాగితాలు.

ఎలెనాది చిలీ దేశం. దక్షిణ అమెరికాలో సముద్రం అంచున పొడుగ్గా ఉంటుంది. 1973లో అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసి తానే గద్దెనెక్కింది. అప్పటికి ఎలెనాకు ఇరవై రెండేళ్ళు, పెళ్ళయి పదకొండు నెలలు. భర్త పేరు రెనాతో. బడిపంతులు. పంతుళ్ళ సంఘంలో తిరిగేవాడట. ఒక మధ్యాహ్నం ఆయన అన్నానికి కూర్చున్నప్పుడు ట్రక్కులో సైనికులు వచ్చారు. "రెండు ప్రశ్నలడిగి పంపిస్తాం" అన్నాడు వాళ్ళ ఆఫీసరు. ఎలెనా కంచం మీద మూత పెట్టి, సాయంత్రం దాకా తీయలేదు.

ఆయన రాలేదు. బ్యారక్‌కి పోతే అలాంటి మనిషి ఇక్కడ లేడన్నారు. ఆస్పత్రుల్లో లేడు, జైళ్ళ లిస్టులో లేడు. ఏడాది తర్వాత ఒక ఆఫీసులో, మీ ఆయన ఇంకో ఆడమనిషితో పక్కదేశం వెళ్ళిపోయాడు, నువ్వూ నీ దారి చూసుకో అని చెప్పారట. అన్నింట్లోకీ ఆ మాటే తనను ఎక్కువ కాల్చిందని చెప్పింది. "అబద్ధమని తెలుసు. కానీ కొన్ని రోజులు అదే నిజమైతే బాగుండని కోరుకున్నాను వర్షా. కనీసం బతికి ఉంటాడు కదా."

తర్వాత శరణార్థిగా కెనడా వచ్చింది. బట్టల ఫ్యాక్టరీలో కుట్టింది, ఆఫీసులు తుడిచింది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఫారాల మీద భార్యనని రాయాలో విధవనని రాయాలో తెలియక ఆ గడి ఖాళీగా వదిలేసేదట. ఆ ప్రభుత్వం పోయాక చాలా ఏళ్ళకు అక్కడి కోర్టులు పాత కేసులు మళ్ళీ తెరిచాయి. ఈమె ఇక్కడినుంచి వాంగ్మూలం పంపింది. ఏళ్ళు గడిచాయి. చివరికి ఒక జడ్జి, ఆ బ్యారక్‌లో అప్పుడు పనిచేసిన ప్రతి మనిషి పేరూ తీయించి, ఒక్కొక్కరి ఇంటికీ మనిషిని పంపించాడు. అట్లా దొరికాడు, ఆ ట్రక్కు నడిపినవాడు.

మే నెలలో వాళ్ళిద్దరినీ ఎదురెదురుగా మాట్లాడించాలని జడ్జి అన్నాడు. ఎలెనా గుండెకు అంతదూరం ప్రయాణం పనికిరాదని డాక్టరు రాసిచ్చాడు. అందుకని ఇక్కడ డౌన్‌టౌన్‌లో ఆమె లాయర్ ఆఫీసులో వీడియో పెట్టారు. నేను సెలవు పెట్టి తోడు వెళ్ళాను. బస్సు, తర్వాత సబ్‌వే. దారంతా నా చెయ్యి పట్టుకునే ఉంది. వాళ్ళది స్పానిష్. లాయర్ నా పక్కన కూర్చొని ఇంగ్లీషులో మెల్లగా చెప్తూ వచ్చాడు.

తెర మీద ఒక ముసలాయన కనపడ్డాడు. నీకంటే మూడేళ్ళు చిన్న. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. అప్పుడు తనకు పద్దెనిమిదేళ్ళని, నిర్బంధంగా సైన్యంలోకి తీసుకున్నారని, తుపాకీ పేల్చలేదని, ట్రక్కు మాత్రమే నడిపానని చెప్పాడు. ఊరి బయట పాత సున్నపుబట్టీ దగ్గర ఆపమన్నారట. ఆ చోటు తనే చూపించాడట. అక్కడ తవ్వితేనే ఎలెనా భర్త ఎముకలు కొన్ని దొరికాయి.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అని జడ్జి అడిగాడు.

"ఎవరూ నన్ను అడగలేదయ్యా" అన్నాడాయన. "నా అంతట నేను చెప్పే ధైర్యం లేకపోయింది."

ఎలెనా తానొక్క మాట అడగవచ్చా అని జడ్జిని అడిగింది. సరేనన్నాడు.

"ట్రక్కులో ఆయన ఏమన్నా మాట్లాడాడా?"

ఆయన చాలాసేపు తల వంచుకొని కూర్చున్నాడు. వీడియో ఆగిపోయిందేమో అనుకొని నేను లాప్‌టాప్ దగ్గరికి వంగాను. అప్పుడు చెప్పాడు. "మంచినీళ్ళు అడిగాడమ్మా. నా దగ్గర సీసా ఉంది. ఇవ్వొద్దన్నారు. నేను ఇవ్వలేదు."

నీళ్ళన్న స్పానిష్ మాట ఎలెనా దగ్గర రోజూ వినేదే కాబట్టి, లాయర్ ఇంగ్లీషులో చెప్పేలోపే నాకు అర్థమైంది. ఎలెనా టేబుల్ అంచు పట్టుకుంది. తర్వాత ఆమె అన్న మాట విని నేను పొరపాటు పడ్డానేమో అనుకున్నాను. "చెప్పినందుకు థాంక్స్" అంది.

ఆమె మీద నాకు కోపం వచ్చింది తాతా. ఇంటికి వచ్చి, టీ పెట్టి ఇచ్చి, అడిగేశాను. "మంచినీళ్ళు కూడా ఇవ్వని మనిషికి థాంక్స్ ఎందుకు చెప్పారు?"

ఆమె కప్పు కింద పెట్టింది. "యాభై ఏళ్ళుగా నేను నా భర్తను రోజుకో రకంగా చంపుకున్నాను. ఒకరోజు సముద్రంలో పడేసి, ఒకరోజు కరెంటు పెట్టి, ఒకరోజు కాల్చి. ఇవాళ్టినుంచి ఆయనకు ఒక్కటే చావు. దాన్ని నేను మోయగలను" అంది. "క్షమించానని అనుకోకు. అది వేరే సంగతి" అని కూడా అంది.

పోయిన నెల తీర్పు వచ్చింది. ఆర్డర్లిచ్చిన ఇద్దరిలో ఒకడు ఎప్పుడో తన మంచంలోనే పోయాడు. రెండోవాడికి ఎనభై ఆరు. పదేళ్ళ శిక్ష వేశారు, పైకోర్టుకు పోయాడు. లాయర్ ఫోన్ చేసి చెప్తే ఎలెనా "పదేళ్ళా" అని, పొయ్యి మీద చిక్కుడుగింజలు కలుపుకుంటూ ఉండిపోయింది. సంతోషం నాకు కనపడలేదు. ఎముకలు మాత్రం చిన్న పెట్టెలో పెట్టి అప్పగించారు. ఆమె ఆడపడుచు అక్కడ ఖననం జరిపించింది. నా లాప్‌టాప్‌లో చూసింది ఎలెనా. ఇంట్లోనే ఉన్నా నీలం కోటు తొడుక్కొని, బయటికి వేసుకునే బూట్లు వేసుకొని, కుర్చీలో నిటారుగా కూర్చుంది. అయిపోయాక బూట్లు విప్పడానికి వంగలేకపోయింది. నేను విప్పాను. అప్పుడు ఏడ్చింది. పెద్దగా, ఎవరో నిన్న పోయినట్టు.

మీ ఇంటామె కోర్టు గొడవ ఇదీ. ఇక నీ రెండో ప్రశ్న.

నాకు పదమూడో ఏట ఒంటినిండా అమ్మవారు పోసి, నడిమింట్లో వేపాకుల మీద పడుకోబెట్టారు, నీకు గుర్తుండే ఉంటుంది. ఒక మధ్యాహ్నం నాన్న ఆఫీసుకు పోయాడు, అమ్మ మందులకు పోయింది. నేను నిద్రపోయాననుకొని నువ్వు నానమ్మతో మాట్లాడావు. ఆ పొద్దున బట్టలు కుట్టే సరోజనత్త వచ్చి పోయింది. నేను నిద్రపోలేదు తాతా. నువ్వన్న మాటలు ఈ పదేళ్ళలో ఒక్కటి కూడా చెదరలేదు. అట్లాగే రాస్తున్నాను.

"జీపు నేనే నడిపిన సుగుణా. ఇంక పొద్దు గూకలే. వాగు దాటినంక మోదుగుచెట్ల కాడ ఆపుమన్నరు. దించుతాంటె ఆ పిలగాడు నా దిక్కు చూసి, 'అన్నా, మా చెల్లెకు చెప్పు' అన్నడు. ఏం చెప్పాల్నో చెప్పనియ్యలే. గుంజుకపోయిన్రు. నేను ఇంజను బంద్ చెయ్యలే. సప్పుడు ఇనపడొద్దని రేస్ ఇచ్చుకుంట కూసున్న. అయినా ఇనపడ్డది."

నువ్వు ఏడవడం అంతకుముందు నేను చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. నానమ్మ నీ తల నిమురుతూ, "ఊకో, పిల్ల లేస్తది" అంది. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

ఆ పిలగాడు కొమరయ్య అని, సరోజనత్త అన్న అని, నాకప్పటికే తెలుసు. ఊళ్ళో అందరికీ తెలుసు. ఎమర్జెన్సీలో, డెబ్భై ఆరు ఎండాకాలం, డిగ్రీ చదివే ఇరవై రెండేళ్ళవాణ్ణి పోలీసులు ఇంటినుంచి తీసుకుపోయారు. మూడోరోజు అడిగితే వదిలేశాం, పారిపోయాడు అన్నారు. అప్పుడు అత్తకు పదమూడేళ్ళు. పోలీసు జీపు డ్రైవరువి నువ్వు; స్టీరింగ్ ముందు కూర్చున్న నిన్ను ఆమె చూసింది. అందుకే ప్రతి ఎండాకాలం, వాళ్ళ అన్నను తీసుకుపోయిన తారీఖున, కుట్టుమిషన్ మూసేసి మన గేటు దగ్గరికి వచ్చేది. లోపలికి వచ్చి కూర్చునేది కాదు. గొడవ చేసేది కాదు. ఒకే మాట అడిగేది.

"అన్నా, ఏమన్న యాదికొచ్చిందా?"

"లేదు చెల్లె" అని నువ్వు స్నానానికి వెళ్ళిపోయేవాడివి. నానమ్మ ఉన్నన్నాళ్ళూ టీ ఇచ్చి పంపేది. చిలీలో ఆ డ్రైవరు ఎవరూ అడగలేదన్నాడు. నిన్ను అత్త నలభై ఏడేళ్ళుగా అడుగుతూనే ఉంది.

నీ తప్పు చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. నాది చెప్పాలి. నా స్కూల్ యూనిఫాంలు అత్తే కుట్టేది కదా. పదో తరగతిలో కొలతలకు పోయినప్పుడు టేపు నా భుజం మీద పెట్టి, తల ఎత్తకుండానే అడిగింది. "మీ తాత ఇంట్ల ఎప్పుడన్న మా అన్న ముచ్చట తీస్తడా బిడ్డా?" నేను "తెల్వదత్తా" అన్నాను. కెనడా వచ్చేముందు బ్లౌజులు కుట్టించుకోవడానికి పోతే మళ్ళీ అడిగింది. "దూరం పోతున్నవ్. నీకేమన్న తెలిస్తె చెప్పిపో." మళ్ళీ "తెల్వదు" అన్నాను. వాళ్ళ అన్న చివరగా తలుచుకున్నది తననే అని నాకు తెలిసి, ఆమె చేతులు నా కొలతలు తీసుకుంటూ ఉండగా, రెండుసార్లు అబద్ధం చెప్పాను. నువ్వంటే ప్రాణం కాబట్టి చెప్పాను. కానీ చెప్పాను.

మే నెలలో ఆ ముసలాయన తెర మీద తల వంచుకున్నప్పుడు నాకు కనపడింది నువ్వే. ఆ రోజునుంచి ఫోన్‌లో నీ గొంతు వింటే నాకు మాట రావడం లేదు. కోపం కాదు తాతా. నాకు సైకిల్ నేర్పింది నువ్వు. జ్వరమొస్తే వీపు మీద ఎక్కించుకొని ఆస్పత్రికి తీసుకుపోయింది నువ్వు. ఆ మనిషీ, జీపులో కూర్చున్న మనిషీ ఒక్కరే అన్నది నేను మింగలేకపోయాను. ఇప్పుడు మింగాను. ఇద్దరూ నా తాతే.

నీ పోయిన ఉత్తరం చివర్లో ఒక సంగతి రాశావు. వాగు మీద బ్రిడ్జి కడుతున్నారని, సంక్రాంతి తర్వాత అవతలి మోదుగుచెట్లు కొట్టేసి రోడ్డు తవ్వుతారని. ఆ కింద రెండు వరుసలు రాసి కాగితం చిరిగేటట్టు కొట్టేశావు. కిటికీ వెలుగుకు పెట్టి చూశాను, చదవరాలేదు. కానీ బియ్యం గురించి, మోకాళ్ళ గురించి రాసే ఉత్తరంలో ఎవరూ అడగని ఆ చెట్ల ముచ్చట ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. నీకూ చెప్పాలనే ఉంది. మిషన్లు వచ్చి తవ్వేశాక చెప్పినా అత్తకు దొరికేదేమీ ఉండదు.

దీనివల్ల నీకు ఏమీ కాదని నేను మాటివ్వలేను. ఎలెనా లాయర్‌ని అడిగాను. ఇండియా చట్టం తనకు తెలియదని, ముందు అక్కడ మంచి వకీలుతో మాట్లాడమని అన్నాడు. నాన్నకు తెలియాలి. ఊళ్ళో పదిమందీ పది రకాలుగా అంటారు. నీ వెంట పనిచేసినవాళ్ళలో మిగిలినవాళ్ళు నీ మీద కోపం పెట్టుకుంటారు. ఇవన్నీ నేను ఆలోచించాను. డిసెంబరులో కోర్సు అయిపోగానే టికెట్ తీసుకొని వస్తాను. వర్క్ పర్మిట్ కాగితాలు ఎట్లాగో చూసుకుంటాను. జడ్జి ముందుకైనా, వాగు దగ్గరికైనా నీ పక్కన నేను నడుస్తాను.

ఇక దాచింది చెప్తాను. నిన్ను అడగకుండా ఒక పని చేశాను. నిన్న మధ్యాహ్నం షాపులో బ్రేక్ ఇచ్చినప్పుడు ఇంటికి వచ్చి ఎలెనాతో ఇదంతా చెప్పాను. ఆమె ఏ సలహా ఇవ్వలేదు. "ఆ చెల్లెలి వయసెంత?" అని మాత్రం అడిగింది. అరవై అన్నాను. "నాకు ఆ వయసులోనైనా తెలిసి ఉంటే" అని ఆగిపోయింది.

ఈ రోజు పొద్దున్న సరోజనత్తకు ఫోన్ చేశాను. నువ్వు చెప్పాల్సినవి నేను చెప్పలేదు. వాగు సంగతి గానీ, వాళ్ళ అన్న అన్న మాట గానీ నా నోటినుంచి రాలేదు. అవి నీ దగ్గరినుంచే ఆమెకు అందాలి. "అత్తా, రెండుసార్లు నువ్వడిగితే తెల్వదన్న. అబద్ధం చెప్పిన. నాకు తెలుసు. తాతకు యాదికున్నది. తాతే వచ్చి నీకు చెప్తడు" అన్నాను.

అటునుంచి మిషన్ చప్పుడు ఆగిపోయింది. వెనక ఎవరో కస్టమర్ "జాకెట్ అయిందా సరోజనా" అని అడుగుతున్నారు. నన్ను తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. నేను "అత్తా, అత్తా" అని రెండుసార్లు పిలిచాక అడిగింది.

"మీ తాత మోకాళ్ళు బాగలేవంటున్నరు కద బిడ్డా. అంతదూరం నడుస్తడా? నడవకపోతె చెప్పుమను. నేనే వస్త. ఈసారి లోపల కూసుంట."

నువ్వు వస్తావనే చెప్పాను తాతా. ఈ కాగితం నీ చేతికి వచ్చిన రోజు ఆమె ఎదురుచూస్తూ ఉంటుంది.

నీ ఆరోగ్యం జాగ్రత్త. బీపీ గోలీ మరవకు.

ఇట్లు,
నీ మీద ప్రేమ ఇసుమంతైనా తగ్గని
మనుమరాలు
వర్ష